పది కిలోలని నేను రాసిన రంగు

రంగుకు బరువుంటుందంటే ఇంజనీర్లు నవ్వుతారు. ముప్పై నాలుగేళ్లు ఆ నవ్వు చూసి రిటైరయ్యాను. చాలాకాలం వాళ్లతో కలిసి నేనూ నవ్వాను. ఆ సంగతి దాచిపెట్టి, ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు నీతులు చెప్పడం నాకు ఇష్టం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

విజయనగరంలో ఒక చిన్న తనిఖీ సంస్థలో పని చేశాను. ఇనుము మీద రంగు సరిగ్గా వేశారా, ఎంత మందం వేశారు, ఎన్నాళ్లు నిలుస్తుంది అని చూసి కాగితం ఇవ్వడం మా పని. నీళ్ల ట్యాంకులు, చిన్న వంతెనలు, మిల్లుల పైకప్పులు, కాలువ గేట్లు అన్నీ మా దగ్గరికే వచ్చేవి. నేను చేరిన రోజే మా యజమాని నాకు ఒక సూత్రం చెప్పాడు.

"రంగంటే ఇనుముకు కట్టిన చీర. చీర బాగుందా లేదా చూడు. దాని బరువెంతని అడిగేవాడు పిచ్చోడు."

మాది పొందూరు. మా అమ్మ నూలు వడికేది. ఇంత పొడవు నూలు ఇంత తూగితే ఇంత సన్నం అని తూకం మీదే తేల్చేవారు. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, పల్చటి వస్తువుకు బరువుండదని ఎవరైనా అంటే నమ్మకూడదు. జీతం ఇచ్చేవాడు చెప్పాడు కాబట్టి నమ్మాను.

లెక్క ఇంతే

ముందు లెక్క చెబుతాను. ఇది రానివాళ్లు పెద్ద పెద్ద కుర్చీల్లో కూర్చోవడం చూశాను కాబట్టి సిగ్గుపడకుండా చదవండి.

ఒక చదరపు మీటరు ఇనుము మీద ఒక మైక్రాన్ మందాన ఆరిన రంగు ఉంటే, ఆ రంగు సరిగ్గా ఒక మిల్లీలీటరు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నాలుగు వందల మైక్రాన్ల మందం ఉంటే నాలుగు వందల మిల్లీలీటర్లు. కాలువ గేట్లకు వేసే తారు రంగు ఆరాక లీటరు ఒక కిలో నాలుగు వందల గ్రాములు తూగుతుంది. అంటే చదరపు మీటరుకు అయిదు వందల అరవై గ్రాములు. దాన్ని మొత్తం వైశాల్యంతో గుణిస్తే బరువు వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలు చెయ్యగలరు.

ఇప్పుడు ఫోనులో యాప్‌లు కూడా వచ్చాయి. వైశాల్యం, మందం కొడితే బరువు చెబుతాయి. ఏ వైశాల్యం, ఎవరు కొలిచిన మందం అని మాత్రం అడగవు. డబ్బాలో ఉన్న తడి రంగును తూచి, అదంతా ఇనుము మీదే ఉందని లెక్కగట్టిన ఒక ఎంటెక్ గారిని కూడా చూశాను. సగం రంగు ఆవిరై గాలిలో కలిసిపోతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదట. గోడకు సున్నం వేసేవాడినడిగినా చెబుతాడు.

లెక్క తప్పడం కష్టం. లెక్కలో పెట్టే అంకెలు తప్పడం చాలా తేలిక. ఎలాగో నా సంగతే చెబుతాను.

పైడయ్య మాట

రాజాం దాటాక ఒక ఏటి నుంచి కాలువ చీలే చోట, ఏటికి అడ్డంగా రెండు గేట్లు ఉన్నాయి. ఏ ఏరు, ఏ కాలువ అన్నది రాయను. ఒక్కో గేటు ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు. గేటు తీగతాళ్లకు వేలాడుతుంది. ఆ తాళ్లు పైనున్న చక్రాల మీదుగా వెళ్లి, రెండో వైపు కాంక్రీటు దిమ్మలకు కట్టి ఉంటాయి. గిలకకు రెండు వైపులా రెండు బిందెలు కట్టినట్టు. దిమ్మల బరువు గేటు బరువు కన్నా కొంచెం తక్కువ ఉంచుతారు. అందుకే వదిలితే గేటు తనంతట తానే దిగుతుంది. ఎత్తాలంటే ఆ కొంచెం తేడా బరువును మనిషి హ్యాండిల్ తిప్పి ఎత్తాలి.

ఆ తిప్పే మనిషి పైడయ్య. గేట్ల కాపలా మనుషుల్ని అక్కడ లస్కర్లు అంటారు. యాభై దాటిన మనిషి, ఇరవై ఆరేళ్లుగా అదే హ్యాండిల్ తిప్పుతున్నాడు. ఎడమ గేటు పాతబడిపోతే తీసేసి కొన్నేళ్ల కిందట కొత్తది పెట్టారు. కుడి గేటు మొదటి నాటిదే.

ఒకసారి గేట్లకు రంగు వేసిన తర్వాత చూడటానికి నన్ను పిలిచారు. అక్కడి ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, నా పక్కనే ఉన్నాడు. పైడయ్య మెట్లు దిగి మా దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు.

"బాబూ, రంగు సూడ్డానికొచ్చినారు కదా, ఒక్క మాట ఇనండి. ఈ కుడి గేటు బరువెక్కిపోనాది" అన్నాడు.

ఏఈ నవ్వాడు. "ఇనుము తిని లావెక్కుతుందేంటి పైడయ్యా? నీకు వయసైపోతోంది. గ్రీజు పెట్టు, తేలిగ్గా తిరుగుతుంది."

"గ్రీజు పెడతానే ఉన్నాను బాబూ. అదే మరి నాకర్తం కాట్లేదు. ఎత్తీటప్పుడు సేతులు తెగిపోతన్నాయి. దించీటప్పుడు మాత్రం దబ్బున దిగిపోతన్నాది, బ్రేకు ఆగట్లేదు. ఎడం గేటు అలగ కాదు, సెప్పిన మాటింటాది."

ఈ మాటను ఇంకోసారి చదవండి. తుప్పు పట్టినా, గ్రీజు ఎండిపోయినా గేటు ఎత్తడమూ కష్టమవుతుంది, దించడమూ కష్టమవుతుంది. ఎత్తేటప్పుడు కష్టమై, దించేటప్పుడు జారిపోతోందంటే దానికి ఒకటే కారణం. గేటు నిజంగానే బరువెక్కింది. బడి మెట్లు ఎక్కని మనిషి జబ్బేమిటో, దాని గుర్తులేమిటో తేల్చి మా చేతిలో పెట్టాడు. చదువుకున్నవాళ్లం ఇద్దరం నవ్వాం. అవును, నేనూ నవ్వాను.

మీటరు మీద గీతలు

గేటు వైపు నడుస్తూ ఏఈ అన్నాడు: "వాడు నాలుగేళ్లుగా ఇదే పాట. మీరు రంగు బరువు ఇంతని రాసిచ్చేయండి సార్, నోరు మూస్తాడు."

మందం కొలిచే మీటరు గేటుకు ఆనించాను. తెర మీద అంకె రాలేదు, మూడు అడ్డగీతలు వచ్చాయి. ఇంకో చోట పెట్టాను, మళ్లీ గీతలే. బ్యాటరీ అయిపోయిందనుకుని సంచిలో పడేశాను. మధ్యాహ్నం భోజనం వేళైంది, ఎండ మండుతోంది. డ్రాయింగులో రంగు మందం నాలుగు వందల మైక్రాన్లని ఉంది. అదే తీసుకున్నాను. వైశాల్యం కూడా డ్రాయింగులోదే, ఆరు ఇంటూ మూడు, పద్దెనిమిది చదరపు మీటర్లు. పద్దెనిమిదిని అయిదు వందల అరవై గ్రాములతో గుణిస్తే పది కిలోలు.

"రంగు వల్ల గేటు బరువులో పది కిలోలకు మించి తేడా లేదు. పట్టించుకోనక్కర్లేదు" అని రాసి సంతకం పెట్టాను.

ఆ మీటరు వెయ్యిన్నర మైక్రాన్ల దాకానే కొలుస్తుంది. అంతకు మించితే గీతలు చూపిస్తుంది. 'ఇది నా వల్ల కాదు, ఇక్కడ చాలా ఉంది' అని అది నాకు చెప్పింది. పైడయ్య నోటితో చెప్పాడు, మీటరు గీతలతో చెప్పింది. ఆ రోజు అక్కడ ఇద్దరు నిజం చెప్పారు. నేను ఇద్దరినీ పక్కన పెట్టి కాగితాన్ని నమ్మాను.

తుఫాను రోజు

ఆ ఏడాది వరి పొట్ట మీదున్నప్పుడు తుఫాను పట్టింది. మూడు రోజులు వాన. నాలుగో రోజు ఉదయం నీళ్లు ఎగువ పొలాల్లోకి ఎక్కుతుంటే గేట్లు ఎత్తమని ఫోనొచ్చింది. పైడయ్య ఎడమ గేటు ఎత్తేశాడు. కుడి గేటు దగ్గర ఇంకో లస్కరుతో కలిసి హ్యాండిల్ పట్టాడు. సగం దాకా ఎత్తారు. చక్రం వెనక్కి తిరగకుండా పట్టి ఉంచే ఇనుప నాలుక ఆ బరువుకు తట్టుకోలేక పళ్ల మీంచి జారింది. గేటు కిందికి పడింది. హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి పైడయ్య కుడిచేతిని కొట్టింది. మోచేతి దగ్గర ఎముక రెండు ముక్కలైంది.

ఊరివాళ్లు బోరు మోటార్లు దించే చైన్ బ్లాకు తెచ్చి, మర్నాటికి గానీ గేటు లేపలేకపోయారు. ఈలోగా ఎగువన రెండు ఊళ్ల వరి నీళ్లలో నానింది.

ఇదంతా నాకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది. అదీ ఎలా? ఆ కాలువల మీద పెద్ద ఇంజనీరు తన ఆఫీసు నుంచి నాకు ఫోన్ చేశాడు.

"మీరిచ్చిన కాగితం చాలా ఉపయోగపడిందండీ. గేటు బరువులో తేడా లేదని మీరు అప్పుడే రాశారు కదా. అంటే తప్పంతా లస్కరుదే. చక్రానికి నాలుక సరిగ్గా తగిలించలేదు. నిర్లక్ష్యం కింద తీసేస్తున్నాం. మీరు ఇంకో కాపీ మీద సంతకం చేసి పంపండి."

పంపలేదు. మర్నాడు శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్లాను. పైడయ్యకు మత్తు మందిచ్చి పడుకోబెట్టారు. అతని భార్య చిట్టెమ్మ మంచం పక్కన నిలబడి ఉంది. నేనెవరో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో అని కూడా అనిపించింది.

"నువ్వేనా రంగు బాబువి?" అంది. "మా ఆయన నాలుగేళ్ల నుంచి సెప్తన్నాడు, గేటు బరువెక్కిపోతన్నాదని. ఇంటికొచ్చి నా సేత సేతులు పట్టించుకునీవోడు. నాకు తెలిసిన బరువు మీకెందుకు తెల్లేదు? ఏటి సదువుకున్నారు మీరంతా?"

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. సంచిలో మీటరు ఉంది. ఊరికే తీసి పక్కనున్న ఇనుప కడ్డీకి ఆనించాను. నూట ఇరవై మైక్రాన్లని టక్కున చూపించింది. ఆ మధ్య దాని బ్యాటరీ మార్చిన గుర్తు లేదు. అయితే గేటు మీద ఆ గీతలు బ్యాటరీ అయిపోయి వచ్చినవి కావు.

రెండోసారి

మర్నాడు ఒక ఉలి, సుత్తి, కొలత పట్టె పట్టుకుని ఒక్కడినే గేటు దగ్గరికి వెళ్లాను. నీళ్లు తగ్గాయి. కుడి గేటు ఎత్తి ఉంది. పన్నెండు చోట్ల ఉలితో చిన్న చిన్న చదరాలు గీసి రంగు పెచ్చులు ఊడదీశాను. ఒక్కో పెచ్చు పెంకు ముక్కలా ఉంది. మందం కొలిస్తే కొన్ని చోట్ల రెండు మిల్లీమీటర్లు, కొన్ని చోట్ల నాలుగు, సగటున మూడు. అంటే మూడు వేల మైక్రాన్లు. నేను రాసింది నాలుగు వందలు.

పెచ్చు అంచున నలుపు, ఎరుపు, బూడిద, మళ్లీ నలుపు అని వరసలు కనిపించాయి. లెక్కపెడితే పదకొండు. పదకొండుసార్లు రంగు వేశారు. పాతది గీకి కొత్తది వెయ్యాలని ప్రతిసారీ కాగితంలో ఉంటుంది. గీకడం కష్టం, పైన పూయడం సుఖం. పదకొండుసార్లూ గీకినట్టు ఎవరో సంతకం పెట్టారు. జీపు దిగకుండా పెట్టినవాళ్లే ఎక్కువ ఉంటారని నా నమ్మకం.

తర్వాత వైశాల్యం. నేను తీసుకున్నది గేటు ముందు ముఖం ఒక్కటే. వెనక ముఖానికి రంగు లేదా? ఉంది. వెనక అడ్డంగా, నిలువుగా ఇనుప దూలాలు, వాటి పైన, కింద, పక్కన అన్నిటికీ రంగే. టేపు పెట్టి ఒక్కో ముక్కా కొలిచాను. ముందు పద్దెనిమిది, వెనక పద్దెనిమిది, దూలాలు ముప్పై నాలుగు. మొత్తం డెబ్బై చదరపు మీటర్లు. తలుపుకు ఒక పక్కే ఉంటుందనుకునే మనిషికి ఇన్నేళ్లు జీతమిచ్చారు.

చదరపు మీటరుకు మూడు లీటర్లు, లీటరుకు కిలో నాలుగు వందలు, డెబ్బై మీటర్లు. రెండు వందల తొంభై నాలుగు కిలోలు వచ్చింది. గేటుకూ దిమ్మలకూ మధ్య తేడా మొదట ఉంచినది మూడు వందల యాభై. పైడయ్య ఎత్తుతున్నది దానికి దాదాపు రెట్టింపు.

నా మొదటి కాగితం తప్పని, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని, ఈ కొత్త లెక్కతో ఉత్తరం రాశాను. మా యజమాని చదివి కళ్లద్దాలు తీశాడు.

"మనమే తప్పు రాశామని మనమే చెప్పుకుంటామా? రేపటి నుంచి మనకు పనెవడిస్తాడు? లస్కరు కోసమా ఇదంతా?"

"లస్కరు కోసమే" అన్నాను.

"నీ పేరు మీద పంపుకో. సంస్థ పేరు పెట్టకు."

నా పేరు మీదే పంపాను.

కాటా

పెద్ద ఇంజనీరు నన్ను తన ఆఫీసుకు పిలిపించి, ఆ ఉత్తరాన్ని బల్ల మీద నా వైపు తోశాడు. "మూడు వందల కిలోల రంగా? గేటుకు వేసింది రంగా, కాంక్రీటా? మీరు మొదట పది అన్నారు, ఇప్పుడు మూడు వందలంటున్నారు. రేపు వెయ్యంటారు. ఏది నమ్మాలి?"

అడగాల్సిన ప్రశ్నే. నా మొదటి కాగితం మీద ఆ ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. పది తనకు అనుకూలమైన అంకె కాబట్టి అప్పుడు అడగలేదు.

"నన్ను నమ్మొద్దు. గీకించి తూచండి" అన్నాను.

వరి మునిగిన ఊరి రైతు ఒకాయన, ఆ గదిలోనే తన అర్జీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన అందుకున్నాడు: "అవును తూసీయండి. మాకూ తెలియాల కదా. మనుసులు మేవిస్తాం, కాటా మేవు తెస్తాం."

కాదనడానికి పెద్ద ఇంజనీరుకు దారి లేకపోయింది.

ఆరుగురు మనుషులు నాలుగు రోజులు గీకారు. గేటు కింద టార్పాలిన్లు పరిచి, రాలిన ప్రతి పెచ్చునూ గోనె సంచుల్లోకి ఎత్తారు. ధాన్యం తూచే కాటా తెచ్చి గట్టు మీద పెట్టారు. పెద్ద ఇంజనీరు గొడుగు కింద నిలబడి, "సంచుల్లో ఇసుక పోయలేదు కదా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఒక్కో సంచీ తూగుతుంటే రైతు పైకి చదివాడు. చివరి సంచి తర్వాత మొత్తం మూడు వందల ఏడు కిలోలు.

"మీ లెక్క కన్నా పదమూడు ఎక్కువ" అన్నాడు పెద్ద ఇంజనీరు, నన్ను పట్టేసుకున్నట్టు.

"అది రంగుతో పాటు ఊడిన తుప్పు" అన్నాను. సంచిలో చెయ్యి పెట్టి ఎర్రటి పెచ్చులు తీసి ఆయన చేతిలో పోశాను. చొక్కాకు అంటుకుంటుందని ఆయన భయపడ్డాడు.

పైడయ్యను తియ్యలేదు. పెద్ద ఇంజనీరు తన నివేదికలో 'కాలక్రమేణా గేటుపై ఏర్పడిన అదనపు భారం' అని రాశాడు. ఏర్పడిందట, నాచులాగా. పదకొండు సంతకాల ఊసు అందులో లేదు. నా పది కిలోల ఊసు కూడా లేదు. నన్ను కాపాడటానికి కాదు. ఆ కాగితం పట్టుకునే ఆయన ఒక మనిషి ఉద్యోగం తీయబోయాడు కాబట్టి. నాకు మాత్రం ఆ ప్రాంతం నుంచి మళ్లీ పిలుపు రాలేదు. మా యజమాని నాతో రెండు నెలలు మాట్లాడలేదు. ఆ రెండు నెలలూ నాకు ఆఫీసు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను.

హ్యాండిల్

కట్టు విప్పాక పైడయ్య మళ్లీ పనిలో చేరాడని తెలిసి వెళ్లాను. కుడిచెయ్యి పూర్తిగా చాచలేకపోతున్నాడు. ఇక అది అంతేనని డాక్టరు చెప్పాడట. గేటు మీది నడవాలో కూర్చుని ఉన్నాడు.

"పది కిలోలని రాసింది నేనే పైడయ్యా" అన్నాను. దారంతా ఇంకా చాలా మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాను. అవేవీ రాలేదు.

"తెలుసు బాబూ. ఆ కాయితం నాకు సదివి ఇనిపించినారు."

"కోపం రాలేదా?"

"వచ్చినాది. ఎందుకు రాదేటి?" అన్నాడు. "ఆవేళ మీరొచ్చినపుడు, బాబూ ఒక్కపాలి ఈ హేండిలు పట్టుకోండి అని అడుగుదామనుకున్నాను. పెద్దోరు కదా, అడిగితే ఏటనుకుంటారో అని ఊరుకున్నాను. అడగాల్సింది నేను. ఆ తప్పు నాది."

ఆ తప్పు కూడా తనదేనట.

నేను అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని కుడి గేటు హ్యాండిల్ పట్టుకున్నాను. ఎన్ని గేట్లకు కాగితాలిచ్చానో గుర్తు లేదు, ఒక్కదాని హ్యాండిల్ కూడా అప్పటిదాకా ముట్టుకోలేదు. పైడయ్య లేచి వచ్చి ఇనుప నాలుక సరిచూసి, "ఇప్పుడు తిప్పండి" అన్నాడు. తిప్పాను. ఇరవై చుట్లకు భుజాలు పట్టేశాయి. నలభై చుట్లకు అరచేతులు మండిపోయాయి. ఊపిరి అందక ఆగి, వంగి కిందికి చూశాను. గేటు జానెడు లేచింది. దాని కింద నుంచి నీళ్లు సన్నగా పారుతున్నాయి.

రంగంతా గీకేసిన గేటు అది.